జారిన భుజం – వెదురు విల్లు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

విలువిద్య అనగానే మనకందరికీ అర్జునుడు, కర్ణుడు, ఏకలవ్యుడు వరుసగా జ్ఞాపకం వస్తారు. చెట్టు మీది పక్షి కన్ను, ద్రౌపదీ స్వయంవరంలో మత్స్యయంత్రం కళ్ల ముందు మెదులుతాయి. నేను మాత్రం ఈ విద్యలోకి పక్షి కన్ను చూస్తూ రాలేదు. వడ్ల బస్తాల మీద నుంచి కిందపడి వచ్చాను. కాబట్టి పాఠక మిత్రులు ఇందులో వీరగాథలు వెతకకుండా, భుజం దెబ్బతిన్న ఒక రైతుబిడ్డ విల్లు ఎట్లా పట్టాడు, ఎక్కడ తప్పు చేశాడు అన్నంతవరకే ఆశించగలరు.

మాది పరకాల దగ్గర పల్లె. నాలుగెకరాల వ్యవసాయం, కొంత వరి, కొంత పత్తి. నేను రెండో సంవత్సరం చదువుతుండగా కార్తీక మాసంలో వానాకాలం వరి కోతలు ముగిసి, కల్లంలో వడ్లు బస్తాలకు ఎత్తి ట్రాక్టరు ట్రాలీలో వేస్తున్నాం. ఒక్కో బస్తా నలభై కిలోలు. నేను పైన నిలబడి అందుకుంటున్నాను. మంచుకు తడిసిన గోనె మీద కాలు జారింది. పడేటప్పుడు మనిషి చెయ్యి చాపుతాడు, అది ఎవరూ నేర్పని విద్య. నా కుడి చెయ్యి పక్కకూ వెనక్కూ పోయి నేలకు ఆనింది, ఒంటి బరువంతా దాని మీద పడింది. లేచి చూసుకుంటే భుజం గుండ్రం పోయి పలకలాగా చదునై ఉంది. ఊళ్లో ఒకాయన "కీలు ఎక్కిస్త, పండు" అని చెయ్యి పట్టి గుంజాడు. ఎక్కలేదు సరికదా, నాకు ఆకాశంలో లేని చుక్కలు కనబడ్డాయి. ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి, డాక్టరు గారు సరిచేసే వరకు అది అట్లాగే ఉంది. అంతకుముందే గుంజుడు వల్ల నరానికి ఏమీ కాకపోవడం నా అదృష్టమని ఆయనే అన్నారు. జారిన కీలును ఎక్స్‌రే చూడకుండా ఎవరినీ ముట్టనివ్వకండి. పక్కనే ఎముక కూడా విరిగి ఉండవచ్చు.

మన శరీరంలో అన్ని కీళ్లకన్నా ఎక్కువ దిక్కులకు తిరిగేది భుజం. ఎక్కువగా జారేదీ అదే. ఈ రెండింటికీ కారణం ఒక్కటే. తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజం దగ్గర హ్యూమరస్ ఎముక తల కూర్చునే గ్లినాయిడ్ అనే గుంట మాత్రం చాలా నిస్సారమైనది. చిన్న ప్రమిదలో పెట్టిన నిమ్మకాయను ఊహించుకోండి. ఆ నిమ్మకాయ దొర్లిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ప్రమిద తాను కూడా స్థిరంగా లేదు. అది రెక్క ఎముక అంచున ఉంటుంది, రెక్క ఎముక వీపు మీద కదులుతుంటుంది. కాబట్టి భుజం బాగుపడడమంటే ఒక్క కీలు బాగుపడడం కాదు, వీపు కండరాలు కూడా తమ పని తాము చేయాలి. భుజం జారడాల్లో నూటికి తొంభై ఐదు వంతులు ముందువైపుకే జరుగుతాయి. చెయ్యి పక్కకు లేచి, వెనక్కు తిరిగినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ. ఈ మాట గుర్తు పెట్టుకోండి, విల్లు దగ్గర మళ్లీ పనికి వస్తుంది. ఇంకొక చేదు మాట కూడా ఉన్నది: నలభై ఏళ్లవాడికన్నా ఇరవై ఏళ్లవాడికి ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం ఎంతో ఎక్కువ.

మూడు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. ఆ మూడు వారాలు పత్తి ఏరే రోజులు. మా బాపు కూలీ పెట్టి ఏరించాడు. ఏనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించేది. కట్టు విప్పిన తరువాత ఫిజియోథెరపీ మొదలైంది. ముందుకు వంగి చెయ్యిని గడియారం లోలకంలా ఊపడం, వేళ్లతో గోడ ఎక్కడం, గోడను తోస్తూ చెయ్యి కదలకుండా ఉంచడం. అవి దాటిన తరువాత రబ్బరు పట్టీ వచ్చింది. దాన్ని కిటికీ ఊచకు కట్టి, మోచెయ్యి వెనక్కు లాగి, రెండు రెక్క ఎముకలను దగ్గరకు తేవాలి. ఆ రోజు మేడమ్ నవ్వుతూ "విల్లు లాగినట్టు లాగు బాబూ" అన్నారు. ఆమె మాటవరసకు అన్నారు. నేను దాన్ని మనసులో పెట్టుకున్నాను.

తప్పు చేసింది ఆ తరువాతే. జనవరి చివర, అంటే పడి తొమ్మిది వారాలు దాటీ దాటకముందే, మిత్రుడొకడు ఎవరిదో విల్లు తెచ్చాడు. నలభై పౌండ్లది. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. వాళ్లంతా లాగారు. నేను వ్యవసాయం చేసినవాణ్ణి, బస్తాలు మోసినవాణ్ణి. నాకేం తక్కువ అనిపించింది. సగం లాగేసరికి భుజం ముందువైపు ఎముక బయటకు వస్తున్నట్టు ఒక భయం, ఆ వెంటనే నొప్పి. జారలేదు. కాని మూడు వారాలు రబ్బరు పట్టీ కూడా ముట్టుకోవద్దన్నారు. గోడ ఎక్కే వేళ్లతో మళ్లీ మొదలుపెట్టాను.

ఆ సెలవులో ఇంటికి పోయి జరిగింది చెప్పాను. బాపు ఎడ్ల కొట్టంలోకి చూస్తూ, "కోడెకు మొదటి నాడే నాగలి కడ్తమారా?" అన్నాడు.

వ్యవసాయం తెలియని మిత్రుల కోసం చెబుతాను. కొత్త కోడెను పనికి అలవాటు చేసేటప్పుడు ముందు మెడ మీద ఉత్త కాడి పెట్టి, పక్కన ఒక ముసలి ఎద్దును కట్టి, ఊరికే నడిపిస్తారు. కొన్నాళ్లకు ఒక చిన్న మొద్దు తగిలించి ఈడ్పిస్తారు. ఆ పైన ఖాళీ బండి. నాగలి అన్నిటికన్నా చివర. కోడెకు బలం లేక కాదు. బలం ఎక్కువై అది మొదటి రోజే అడ్డంగా గుంజుతుంది, మెడ పుండు పడుతుంది, ఇక జన్మలో కాడి చూస్తే బెదురుతుంది. ట్రాక్టర్లు వచ్చి ఈ విద్య తగ్గిపోయింది గాని మా కొట్టంలో ఇంకా ఒక జత ఉన్నది. నేను ఏ కోచింగు పుస్తకంలోనూ ఇంతకన్నా మంచి పాఠం చదవలేదు.

విల్లు బరువు అంటే చేతిలో మోసే బరువు కాదు, పూర్తిగా లాగినప్పుడు వేళ్ల మీద పడే బలం. దీన్ని పౌండ్లలో చెప్పడం ఆనవాయితీ. ఒలింపిక్సులో పురుషులు వాడే విల్లు సుమారు 45 నుంచి 50 పౌండ్లు. అది విని కొత్తవాడు కూడా నలభైకి పోతాడు. ఒక చిన్న లెక్క చేద్దాం. నలభై పౌండ్ల విల్లుతో అరవై బాణాలు వేస్తే వేళ్ల మీద పడిన మొత్తం 2400 పౌండ్లు, అనగా దాదాపు పదకొండు క్వింటాళ్లు. మా లెక్కలో ఇరవై ఏడు వడ్ల బస్తాలు. పన్నెండు పౌండ్ల విల్లుతో అవే అరవై బాణాలు వేస్తే మూడు క్వింటాళ్ల పైచిలుకు, ఎనిమిది బస్తాలు. దెబ్బతిన్న భుజానికి ఎనిమిది కూడా తక్కువేం కాదు.

ఇక్కడ భౌతికశాస్త్రం చదివే మిత్రులు అడ్డుపడవచ్చు. పన్నెండు పౌండ్లంటే 53 న్యూటన్లు. అర మీటరు లాగితే, విల్లును స్ప్రింగుగా తీసుకుంటే, అందులో నిలవయ్యే శక్తి దాదాపు 13 జౌళ్లు. నలభై కిలోల బస్తాను ఒక మీటరు ఎత్తితే దాదాపు 400 జౌళ్లు. మరి విల్లును చూసి భయమెందుకు? నిజమే. కాని బస్తాను నడుము, తొడలు ఎత్తుతాయి. విల్లు లాగేటప్పుడు పెద్ద కండరాల పని పెద్ద కండరాలకు తెలియకపోతే భారమంతా ఆ నాలుగు చిన్న కండరాల మీద పడుతుంది. పైగా పూర్తిగా లాగి గురి చూస్తూ నిలబడిన ఆ నాలుగు సెకన్లూ స్థానభ్రంశం సున్నా, కాబట్టి చేసిన పని సున్నా అని మన పాఠ్యపుస్తకం అంటుంది. భుజం ఒప్పుకోదు. కదలకుండా పట్టుకున్నా కండరం శక్తి ఖర్చు చేస్తూనే ఉంటుంది.

బరువు విల్లు ఎముకను కూడా మార్చగలదనడానికి ఇంగ్లండులో ఒక సాక్ష్యం దొరికింది. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు. అందులో 137 విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి, బాణాలు మూడువేల అయిదువందలకు పైనే. ఆ విల్లులు వంద పౌండ్లు మించినవని లెక్కకట్టారు. మునిగినవారి అస్థిపంజరాలు పరిశీలిస్తే, భుజం పైకప్పులాంటి ఎముక కొన, దాన్ని ఎక్రోమియన్ అంటారు, అతుక్కోకుండా విడిగా మిగిలిపోవడం మామూలు జనంలో కన్నా ఎక్కువ మందిలో కనిపించింది. చిన్నప్పటి నుంచీ బరువు విల్లులు లాగడమే కారణం కావచ్చునని పండితుల ఊహ. ఆ కొన మనిషికి పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల మధ్య పూర్తిగా అతుక్కుంటుంది. అంటే ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామందికి, నాతో సహా, భుజం పైకప్పుకు ఇంకా సిమెంటు ఆరలేదు.

ఏప్రిల్‌లో డాక్టరు గారు చూసి, చెయ్యి అన్ని దిక్కులకు నొప్పి లేకుండా తిరుగుతున్నది, బలం కూడా చాలావరకు వచ్చింది అన్న తరువాతే విల్లు సంగతి ఎత్తాను. ఆయన మేడమ్ దగ్గరకు పంపారు. ఆమె ఒక కర్ర ఇచ్చి, "రెండు చేతులూ ఎట్లా పెడతావో చూపించు" అన్నారు. ఎడమ చేత విల్లు, కుడి చేత నారి పట్టినట్టు నిలబడ్డాను. కుడి మోచెయ్యి భుజం ఎత్తున లేచి వెనక్కు పోయింది. ఆమె అక్కడే ఆపి, "నువ్వు పడ్డప్పుడు చెయ్యి ఎటు పోయింది?" అన్నారు. ఇంచుమించు అటే. తరువాత చేతులు మార్పించారు. కుడి చేత విల్లు, ఎడమ చేత నారి. ఇప్పుడు కుడి చెయ్యి చాచి నిటారుగా ఉంది. విల్లు వెనక్కు తోసే తోపు అరచెయ్యి నుంచి ఎముక వెంబడి వచ్చి నిమ్మకాయను ప్రమిదలోకే నొక్కుతుంది. దెబ్బతిన్న చెయ్యి గుంజదు, ఆనించి నిలబడుతుంది. నా విషయంలో అది కుదిరింది. అందరి భుజం ఒకటి కాదు. పైన కండరం చిరిగినవారికి చెయ్యి ఎత్తి నిలపడమే కష్టం కావచ్చు, వారికి ఈ సలహా తలకిందులవుతుంది. నన్ను చూసి కాదు, మీ ఎక్స్‌రే చూసిన వారిని అడిగి నిర్ణయించుకోండి.

హాస్టల్లో నాకు ఆ రోజు నుంచి సవ్యసాచి అని పేరు పెట్టారు. అర్జునుడు రెండు చేతులా వేయగలడు గనుక ఆయనకా పేరు. నాకు ఒక చెయ్యి చెడి రెండోదానికి వచ్చాను గనుక ఈ పేరు. ఎడమ చేత గుంజుదామంటే మరో చిక్కు: నాది కుడి కన్ను ప్రధానం. మనిషికి చేతుల్లాగే కళ్లలోనూ ఒకటి పెత్తనం చేస్తుంది. రెండు అరచేతులతో చిన్న కంత చేసి దూరాన ఒక వస్తువును చూసి, ఒక్కో కన్ను మూస్తే తెలిసిపోతుంది. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కంతలోనే ఉంటుందో అదే మీ పెద్ద కన్ను. నారి ఎడమ కన్ను కింద ఉండి, గురి కుడి కన్ను చూస్తుంటే బాణం కుడి పక్కకు పోతుంది. మొదటి నెల నా బాణాలన్నీ కుడివైపు గోడకే దక్షిణ సమర్పించుకున్నాయి. చివరికి కుడి కన్ను సగం మూయడం నేర్చుకున్నాను.

ఇక విల్లు ఎక్కడిది? దుకాణంలో అమ్మే విల్లుకు బాణం ఆనే గూడు ఒకవైపే చెక్కి ఉంటుంది. ఎడమచేతి వాటం వారికి వేరే విల్లు కొనాలి. వెదురు విల్లుకు ఆ బాధ లేదు. మా రూమ్మేటుది తాడ్వాయి వైపు ఒక కోయగూడెం. అది ఒకప్పటి మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే, 2019 నుంచి ములుగు జిల్లా. మేడారం జాతరకు పోయినవారందరికీ ఆ అడవి తెలుసు. వేసవి సెలవుల్లో వాళ్ల ఇంటికి పోయాను. విత్తనాల పండుగ ముందటి రోజులు. పూర్వం ఆ పండుగకు మగవాళ్లంతా విల్లంబులతో వేటకు పోయేవారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు విల్లు పండుగకూ, పందేనికీ, ఇంట్లో దూలానికి వేలాడడానికీ పరిమితం. రూమ్మేటు వాళ్ల తాత దగ్గర అట్లాంటిది ఒకటి ఉంది. నారి కూడా వెదురు బద్దే.

ఆయనకు నా కథంతా విన్నాక నవ్వాగలేదు. "పిల్లగా, పోరగాండ్ల ఇల్లు చేస్త తియ్యి" అన్నాడు. ఇల్లు అంటే విల్లే. పిల్లలు ఆడుకునేంత మెత్తటి విల్లు అన్నమాట. నాకు రోషం రాలేదంటే అబద్ధం. కాని కోడె సంగతి గుర్తుకు తెచ్చుకుని కూర్చున్నాను.

ఆయన పని చూడడం నాకు ఒక ప్రాక్టికల్ క్లాసు. ముదిరిన బొంగును నిలువుగా చీల్చి, బయటి తొక్కను ముట్టకుండా లోపలి వైపే కత్తితో గీకుతూ పోయాడు. కాసేపు గీకడం, మోకాలికి ఆనించి వంచి చూడడం, మళ్లీ గీకడం. వెదురులో నారలు బయటివైపు దట్టంగా, లోపలివైపు పలుచగా ఉంటాయి. విల్లు వంగినప్పుడు సాగే ఒత్తిడి బయటివైపు పడుతుంది గనుక ఆ బలమైన వైపు ముట్టకూడదు. ఇంకొక సంగతి. పట్టీ వంగడానికి చూపే ప్రతిఘటన దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం పదో వంతు తగ్గిస్తే బరువు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. అయిదో వంతు తగ్గిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే చివరి దశలో ఆయన కత్తి పెట్టడం కాదు, దాదాపు నిమిరినట్టే ఉంది. ఘనసూత్రం నేను ల్యాబులో నేర్చుకున్నాను, ఆయనకు అది వేళ్లలో ఉంది. ఊరికి తెచ్చాక పత్తి తూచే కాంటాకు తగిలించి లాగి చూస్తే అయిదున్నర కిలోలు, అంటే పన్నెండు పౌండ్లు.

విల్లు ఎక్కుపెట్టడం, అంటే నారి తగిలించడం, నన్ను చేయనివ్వలేదు. ఇది ఎవరూ చెప్పని విషయం: బాణం వేయడంకన్నా నారి ఎక్కించడంలో భుజం ఎక్కువ మెలి తిరుగుతుంది. మన పురాణం కూడా అదే చెబుతున్నది. సీతా స్వయంవరంలో పందెం బాణం వేయడం కాదు, శివధనుస్సు ఎక్కుపెట్టడం. గ్రీకుల ఒడిస్సీలోనూ పెళ్లికొడుకులందరూ ఓడిపోయింది నారి తగిలించే దగ్గరే. కాబట్టి భుజం బాగాలేనివారు ఇంకొకరి చేత ఎక్కుపెట్టించుకోవాలి, లేదా విల్లు రెండు కొనలకు తాడు తగిలించి, దాన్ని కాలితో తొక్కి, విల్లును పైకి ఎత్తే పద్ధతి నేర్చుకోవాలి.

విల్లు వచ్చినా రెండు వారాలు బాణం పెట్టలేదు. నా చేతుల కొలతకు సరిపడా సుతిలి తాడును ఉంగరంలా ముడివేసి, దాన్నే విల్లు అనుకుని లాగడం. తాడు సాగదు గనుక బరువు నేను ఇచ్చినంతే. పక్కకు తిరిగి నిలబడి, కాళ్లు భుజాల వెడల్పు ఎడంగా పెట్టి, ముందు భుజాలు కిందికి దించాలి. కొత్తవాడు విల్లు ఎత్తగానే భుజం చెవి దాకా లేస్తుంది. లేచిన భుజంలో ఎముక తలకూ ఆ పైకప్పుకూ నడుమ కండరం నలుగుతుంది. నాకు నెల పట్టింది దాన్ని దించడానికి. తరువాత విల్లు పట్టిన చేతిని గురి వైపు మెల్లగా తోస్తూ, రెండో మోచెయ్యిని వెనక్కు తీసుకుపోవాలి. గుంజుతున్నది చెయ్యి కాదు, రెండు రెక్క ఎముకల నడుమ ఉన్న వీపు. నారి పెదవి మూలకు తగిలాక ఆగాలి. విడవడం అంటే వేళ్లు తెరవడం కాదు, పట్టు మరిచిపోవడం.

వేళ్లంటే ఏకలవ్యుడు గుర్తుకు రాక తప్పదు. ఇప్పుడు మైదానాల్లో నేర్పేది చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లతో లాగే పద్ధతి, అందులో బొటనవేలికి పనే లేదు. మంగోలులు, తురుష్కులు బొటనవేలితో లాగేవారు. ద్రోణుడు అడిగిన దక్షిణకు అంత విలువ ఉన్నదంటే ఏకలవ్యుడిది కూడా బొటనవేలి పద్ధతే అయివుండాలని నా ఊహ. మూడు వేళ్ల పద్ధతి ఆ పిల్లవాడికి ఎవరైనా చెప్పి ఉంటే కథ ఎట్లా నడిచేదో!

మొదట పది బాణాలు. నాలుగడుగుల దూరంలో వరిగడ్డి కుక్కిన గోనెసంచి, వెనక మట్టిగోడ. ఇంత దగ్గరినుంచి ఎవడైనా తగిలిస్తాడు, అందుకే గురి ధ్యాస ఉండదు, భుజం మీద ధ్యాస ఉంటుంది. రోజు విడిచి రోజు. నెలకు ఇరవై, రెండు నెలలకు ముప్ఫై. దూరం పది మీటర్లకు పెరిగింది. బరువు పెంచేటప్పుడు బాణాల సంఖ్య తగ్గించాలి, రెండూ ఒకేసారి పెంచకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. ఆ పదమూడు జౌళ్లు పోవడానికి దారి లేక విల్లులోకే తిరిగి వస్తాయి, వెదురు పగులుతుంది. రెక్కల నడుమ అలసట వస్తే మంచిదే. భుజం ముందువైపు గాని, పైన గాని నొప్పి వచ్చినా, ఎముక జారుతుందేమో అన్న భయం కలిగినా ఆ రోజుకు విల్లు దించాలి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే నిన్న వేసిన బాణాలు ఎక్కువైనట్టు లెక్క. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు సార్ అనుమతితో మైదానం చివర, ఎవరూ లేని తెల్లవారుజామున వేస్తాను. వెనక గోడ లేని చోట, మనుషులు నడిచే చోట పన్నెండు పౌండ్ల బాణమైనా వేయరాదు. కన్ను పోవడానికి అది చాలు.

దెబ్బతిన్న శరీరానికి విల్లు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్సు మొదలైన రోజునే, ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న పదహారుమందికి చక్రాల కుర్చీల్లోనే విలువిద్య పోటీ పెట్టాడు. ఆ పోటీ పెరిగి పెరిగి 1960లో రోములో పారాలింపిక్సు అయింది. మన దేశంలో జమ్ము కాశ్మీరు అమ్మాయి శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. విల్లును కాలితో పట్టి, భుజానికి తగిలించిన పరికరంతో నారి లాగి, 2024 పారిస్ పారాలింపిక్సులో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. నేను రెండు చేతులూ ఉండి ఒక భుజం గురించి ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నాను!

మన తెలుగువారిలో విజయవాడ జ్యోతి సురేఖ 2023 హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమెది కాంపౌండ్ విల్లు. దాని కొనల్లో కప్పీలు ఉంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద బరువు సగానికన్నా ఎక్కువ తగ్గిపోతుంది. అదే ఊరి ధీరజ్ బొమ్మదేవర పారిస్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా పోయాడు. వాళ్ల విల్లులు మనకు అందే ధరల్లో లేవు. కాని జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉన్నది. అందులో వెదురు విల్లే వాడతారు, గురికి పరికరాలు ఉండవు. రాజస్థాన్ భిల్లు కుర్రాడు లింబారామ్ వెదురు విల్లుతోనే మొదలై 1988, 1992, 1996 ఒలింపిక్సుల్లో ఆడాడు. ఏటూరునాగారం, తాడ్వాయి గూడాల పిల్లలు మన కాలేజీలో ఎందరో చదువుతున్నారు. మన క్రీడా విభాగం ఒక్క గోనెసంచి, నాలుగు వెదురు విల్లులు సమకూరిస్తే వాళ్లే మనకు గురువులవుతారు. విద్యార్థి సంఘం వారు ఈ మాటను ఆలోచించవలసిందిగా మనవి.

నేను ఇప్పుడు పదహారు పౌండ్లకు వచ్చాను. గడ్డిబస్తా మీద గీసిన వలయంలో పది బాణాలకు ఆరు తగులుతాయి. మంచు ఎక్కువున్న రోజు నాలుగు. పోటీలకు పోయేంత లేదు. పోయిన కార్తీకంలో మళ్లీ కల్లం అయింది. నేను ట్రాలీ దగ్గరకు పోతుంటే బాపు పిలిచి, దబ్బనం, సుతిలి తాడు చేతిలో పెట్టి బస్తాల మూతులు కుట్టమన్నాడు. ముప్ఫై ఆరు బస్తాలు. కుడి చేత మూతి బిగించి పట్టి, దబ్బనం ఎడమ చేతితో గుంజాను. బాపు చూశాడు గాని ఏమీ అనలేదు.